వికెట్ల పద్దు: పదమూడేళ్ళ ఫాస్ట్ బౌలర్ నడుము నొప్పి కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖపట్నం సీతమ్మధారలో నా క్లినిక్. ఈ కేసు రాయడానికి తండ్రి, కొడుకు ఇద్దరూ ఒప్పుకున్నారు. పేర్లు రాయడం లేదు, గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. తండ్రి పెట్టిన షరతు ఒక్కటే: "మా వాడి వికెట్ల లెక్క మాత్రం తప్పు రాయొద్దు సార్." రాయను. ఆ సీజన్‌లో 41 వికెట్లు.

నవంబరు రెండో వారంలో మొదటిసారి వచ్చారు. అబ్బాయి ఇంకా కుర్చీలో కూర్చోనేలేదు, తండ్రి తన ఫోన్ నా చేతిలో పెట్టేశారు. వీడియో. ఎర్రమట్టి గ్రౌండు, మ్యాటింగ్ వికెట్టు, మధ్య స్టంపు పల్టీ కొట్టింది. వెనక నుంచి "అదీ!" అని ఒక అరుపు. ఆ అరుపు ఆయనదే. "ఇదొకటి చూడండి సార్," అని ఇంకొకటి. మూడోది కూడా అయ్యాక, సమస్య ఏంటని అడిగాను.

"ఏటీ లేదు సార్. మా గుంటడికి నడుం కొంచెం పట్టేసింది. టేపు వేసేయండి. ఆదివారం సెమీస్."

వయసు 13 ఏళ్ళ 9 నెలలు. కుడిచేతి ఫాస్ట్ బౌలర్. ఎత్తు 164 సెంటీమీటర్లు, బరువు 47 కిలోలు, అంటే చూపుకి వెదురు బద్దలా ఉన్నాడు. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అడిగితే వాడు ముందు నాన్న మొహం చూశాడు. తర్వాత "రెండు సార్" అన్నాడు. పొద్దున్న లేచేటప్పుడు బిగుసుకుంటుందా? మళ్ళీ నాన్న మొహం. "లేదు సార్." బౌలింగ్ వేసేటప్పుడు ఎక్కువవుతుందా? ఈసారి తండ్రే జవాబు చెప్పారు: "అవదు సార్. వేసేస్తున్నాడు కదా."

బౌలింగ్ బూట్లు బండి దగ్గరే ఉన్నాయని అంతకుముందే చెప్పారు. అవి తీసుకురమ్మని తండ్రిని కిందకి పంపాను. సోలు ఎటువైపు అరిగిందో చూడడం పనికొచ్చే విషయమే, కానీ నాకు అప్పుడు కావలసింది బూట్లు కాదు. తలుపు మూసుకోగానే అదే ప్రశ్న మళ్ళీ అడిగాను.

"ఏడు సార్. మ్యాచ్ అయిన రోజు రాత్రి ఎనిమిది."

మూడు వారాలుగా రాత్రిళ్ళు వాళ్ళమ్మ చేత నడుముకి నూనె రాయించుకుంటున్నాడట. నాన్నకి చెప్పొద్దని అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాడు. ఎందుకని అడిగితే, "నాన్న అందరికీ చెప్పేశారు సార్, సెమీస్ అని."

పిల్లలు నొప్పి దాచడం నాకు కొత్త కాదు. ఎగ్జామ్ తప్పించుకోవడానికి లేని నొప్పి చెప్పే పిల్లలు ఎంతమందో, గ్రౌండు పోతుందని ఉన్న నొప్పి మింగేసే పిల్లలూ అంతమంది. వీడి సంగతి వేరు. గ్రౌండు పోతుందని కాదు వీడి టెన్షన్, నాన్న మాట పోతుందని.

పరీక్షలో ముందుకి వంగితే పెద్దగా ఇబ్బంది లేదు. వెనక్కి వంగితే ఎడమ పక్కన, నడుము కింది భాగంలో, ఒకే చోట వేలు పెట్టి చూపించాడు. ఎడమ కాలి మీద నిలబడి వెనక్కి వంగమంటే మొహం మాడ్చుకున్నాడు. ఈ ఒంటికాలి పరీక్షని నమ్ముకుని రోగనిర్ధారణ చేసేయకూడదు, అది అంత కచ్చితమైనది కాదు. కానీ పెరిగే వయసు, ఫాస్ట్ బౌలింగ్, బౌలింగ్ చేతికి ఎదురు పక్కన నొప్పి, వెనక్కి వంగితే ఎక్కువవడం, ఈ నాలుగూ ఒకచోట చేరితే ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే భారం పడి వచ్చే సన్నటి పగులు) కాదని తేలేదాకా అదే అనుకుని నడవాలి. వెన్నుపూస వెనక భాగంలో పార్స్ అనే సన్నటి ఎముక వంతెన ఉంటుంది. ఫాస్ట్ బౌలర్ ముందు కాలు నేలకి తగిలే క్షణంలో ఒంటి బరువుకి ఎన్నో రెట్ల బలం పైకి వస్తుంది. అదే క్షణంలో నడుము వెనక్కి, పక్కకి వంగి, మెలి తిరుగుతుంది. ఆ భారం పడేది ఈ వంతెన మీదే.

తండ్రి చూపించిన వీడియోలు ఇక్కడ పనికొచ్చాయి. నెమ్మదిగా నడిపి చూస్తే నడుము బ్యాట్స్‌మన్‌ వైపు తిరిగి ఉంది, భుజాలు పక్కకి తిరిగి ఉన్నాయి. మిక్స్‌డ్ యాక్షన్ అంటారు. నడుముకి చెడ్డ యాక్షన్ అది.

ఇక నా తప్పు. బూట్లతో తిరిగొచ్చిన తండ్రితో, బౌలింగ్ వెంటనే ఆపాలి, ఎంఆర్ఐ తీయించాలి అని చెప్పి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "మీ వాట్సాప్ స్టేటస్ కోసం కాదండీ వాడి నడుము ఉన్నది" అన్నాను. పిల్లాడి ముందే అన్నాను. ఆ మాట అన్నప్పుడు న్యాయం నా వైపు ఉందని చాలా తృప్తిగా అనిపించింది. ఆయన ఏమీ అనలేదు. ఫీజు ఇచ్చి, బూట్లు సంచిలో పెట్టుకుని, కొడుకుని తీసుకుని వెళ్ళిపోయారు.

పందొమ్మిది రోజులు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. ఈలోపు ఎవరో టేపు వేశారు, సెమీస్ ఆడాడు, 6 ఓవర్లలో 17 పరుగులకి 3 వికెట్లు. మర్నాడు స్కూలుకి వెళ్దామని సాక్స్ వేసుకోవడానికి వంగి, లేవలేకపోయాడు. ఆ రోజు వాళ్ళమ్మ ఒట్టు పక్కన పెట్టి భర్తకి అంతా చెప్పారు. మళ్ళీ నా దగ్గరికి తీసుకొచ్చింది కూడా ఆమే. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

ఎంఆర్ఐలో ఐదో నడుము పూస ఎడమ పార్స్‌లో వాపు, పూర్తిగా విడిపోని పగులు. కుడి పక్క బాగానే ఉంది. ఎక్స్‌రే ఒక్కటే తీసి ఉంటే ఈ దశలో ఏమీ కనబడకపోయే అవకాశం ఎక్కువ. ఆర్థోపెడిక్ డాక్టరు గారు పన్నెండు వారాలు బౌలింగ్, పరుగు రెండూ నిషేధం అన్నారు. విటమిన్ డి తక్కువగా ఉండడంతో మందు రాశారు. బెల్టు అవసరం లేదని ఇద్దరం అనుకున్నాం.

మరి ఆ తండ్రికి ఎలా చెప్పాలి? ఈసారి ముందు ఆయన పని గురించి అడిగాను. గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు. పాతికేళ్ళుగా అదే పని. షాఫ్టులు, బుష్‌లు, పిన్నులు.

"షాఫ్టు ఎలా విరుగుతుందండీ?"

ఆయన మొదటిసారి నా వైపు సూటిగా చూశారు. "ఒక్కసారి లోడు ఎక్కువైతే విరిగిపోయేది తక్కువ సార్. తిరిగి తిరిగి విరుగుద్ది. షాఫ్టు మీద కీవే అని గాడి ఉంటది, దాని మూల దగ్గర వెంట్రుకంత క్రాకు మొదలవుద్ది. పైకి కనబడదు. ఓ రోజు మామూలు లోడు మీదే పుటుక్కుమంటుంది."

"మీ వాడి నడుములో కీవే మూల ఇదీ," అని స్కాను మీద చూపించాను.

చాలాసేపు చూశారు. తర్వాత అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తు. "మరి వెల్డింగు?"

ఎముక తన వెల్డింగు తనే చేసుకుంటుందని, ఇనుముకి లేని అదృష్టం అదేనని, మనం చేయాల్సింది మిషను ఆపడమేనని చెప్పాను. "బుమ్రాకి వచ్చింది ఇదేనా సార్?" అని అబ్బాయి అడిగాడు. బుమ్రాకి 2019లో నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ వచ్చింది. 2023 మార్చిలో వెన్నుకి ఆపరేషన్ అయింది, ఆగస్టులో ఐర్లాండ్ మీద తిరిగి బౌలింగ్ వేశాడు. వాళ్ళకి ఊరట అక్కడే దొరికింది, నా వివరణలో కాదు.

*పుస్తకం*

లోడు లెక్క కావాలి. ఎన్ని బంతులు వేశాడు, ఎప్పటి నుంచి పెరిగాయి? కోచ్‌కి ఫోన్ చేశాను. మంచి మనిషే. తన క్యాంపులో రోజుకి ఎనిమిది ఓవర్లు మించనివ్వనని చెప్పారు, అది నిజమే కూడా. కానీ స్కూలు టీమ్‌కి ఆడుతున్నాడని ఆయనకి తెలుసు, ఎన్ని ఓవర్లో తెలీదు. స్కూలు పీఈటీ మాస్టారికి క్యాంపు సంగతి వినికిడే. ఆదివారం టోర్నమెంటులో ఆడించే కెప్టెన్‌కి ఈ రెండూ అక్కర్లేదు. ఎవరి వాటా వాళ్ళకి తక్కువగానే కనిపిస్తోంది. మొత్తం ఎవరి దగ్గరా లేదు.

ఒక్కరి దగ్గర ఉంది.

షాపులో జాబ్ వర్కులు రాసుకునే పొడుగాటి ఖాతా పుస్తకం. ముందు వైపు నుంచి కస్టమర్ల బాకీలు. తిరగేసి వెనక నుంచి తెరిస్తే కొడుకు. తేదీ, గ్రౌండు, ఎవరి మీద, ఓవర్లు, పరుగులు, వికెట్లు. నీలం ఇంకుతో గీతలు, వికెట్లు మాత్రం ఎర్ర ఇంకుతో. ఒక పేజీలో దినపత్రిక జిల్లా ఎడిషన్ ముక్క, వేలి గోరంత వార్త, అంచులు స్కేలు పెట్టి కోసినట్టు ఉంది. నెట్స్‌కి వెళ్ళిన రోజులు కూడా రాశారు, ఎన్ని ఓవర్లు వేశాడో కొడుకుని అడిగి మరీ. ఇంత శ్రద్ధగా పెట్టిన లోడు రికార్డు నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. ఈ మనిషినే నేను స్టేటస్ అని ఎగతాళి చేశాను.

ఇద్దరం కూర్చుని కూడాం. ఆగస్టు, సెప్టెంబరులో వారానికి మూడు రోజులు నెట్స్, ఒక మ్యాచ్, కలిపి 130 బంతుల దగ్గర. దసరా సెలవుల్లో రోజూ క్యాంపు: వారానికి ఆరు రోజులు, రోజుకి 48, అంటే 288. రెండు మ్యాచ్‌లు, 66. మొత్తం 354. "ఇంకేమైనా?" అన్నాను. ఆయన కాసేపు ఆగి, పుస్తకంలో లేని మాట చెప్పారు. ఆ సెలవుల్లో ఆదివారం సాయంత్రాలు తండ్రీకొడుకులిద్దరే వెళ్ళి, ఒంటి స్టంపు పాతి, యార్కర్లు ప్రాక్టీసు చేసేవారు. ఓ నలభై. అంటే 390 పైన. ఒక్క వారంలో మూడు రెట్లు, రెండో వారమూ అంతే. నొప్పి దసరా అయిన వారానికి మొదలైంది.

ఇంగ్లాండ్ క్రికెట్ బోర్డు చాలా ఏళ్ళు అమలు చేసిన నిబంధనల్లో ఈ వయసు ఫాస్ట్ బౌలర్లకి మ్యాచ్‌లో స్పెల్‌కి 6 ఓవర్లు, రోజుకి 12. ఇది చాలామందికి తెలుసు. నెట్స్‌కి కూడా హద్దు ఉందన్నది తెలీదు: ఒకసారికి 36 బంతులు, వారానికి రెండుసార్లు. మన దగ్గర వేసవి క్యాంపుల్లో, సెలవు క్యాంపుల్లో అది రెండు రోజుల్లో అయిపోతుంది.

ఎత్తు సంగతి అడిగితే ఇంకో ఆశ్చర్యం. ఏటా ఆయుధ పూజ రోజు లేత్‌కి బొట్టు పెట్టాక, కొడుకుని షాపు ఇనుప తలుపుకి ఆనించి నిలబెట్టి స్క్రైబర్‌తో గీత గీస్తారట. కిందటి దసరా గీతకి ఈ దసరా గీతకి దూరం అడిగితే ఆలోచించకుండా చెప్పారు: "94 ఎంఎం." ఏడాదిలో దాదాపు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. మగపిల్లలు వేగంగా సాగే వయసు ఇదే. ఎముక పొడుగు ముందు పెరుగుతుంది, గట్టిదనం వెనక నుంచి వస్తుంది. ఆ మధ్య కాలంలో లోడు పెరిగితే ఇలాంటి పగుళ్ళకి వీలు ఎక్కువ. సరిగ్గా ఆ సందులోనే మూడు రెట్ల బౌలింగ్ పడింది.

మనవాళ్ళు పుత్రోత్సాహం అంటారు. ఈ కేసులో దెబ్బ తగలడానికి అదొక కారణం, దెబ్బ ఎలా తగిలిందో తేలడానికీ అదే ఆధారం. పట్టించుకోని తండ్రయితే నాకు ఒక్క అంకె దొరికేది కాదు.

*బండి మీద మౌనం*

మొదటి ఆరు వారాలు చికిత్స తేలిక. నొప్పి రాకుండా పొట్ట, నడుము కండరాల వ్యాయామాలు, సైడ్ ప్లాంక్ (పక్కకి తిరిగి మోచేతి మీద ఒళ్ళు పైకెత్తి నిలపడం), తొడ వెనక కండరాలు సాగదీయడం, తుంటి నుంచి వంగడం నేర్పడం, నడక. స్కూలు బ్యాగు సగం చేయించాం. నాలుగో వారానికి మామూలు పనుల్లో నొప్పి సున్నా.

కానీ వాడు డల్ అయిపోయాడు. వ్యాయామాలు చేస్తున్నాడు, మొహంలో కళ లేదు. అయిదో వారంలో బల్ల మీద పడుకుని పైకప్పు చూస్తూ అన్నాడు: "నాన్న మాట్లాడట్లేదు సార్."

కోపమా అంటే కాదన్నాడు. తిట్టరు, కసరరు. గాజువాక నుంచి మా క్లినిక్‌కి బండి మీద ముప్పావు గంట. ఇదివరకు ఎక్కడికి వెళ్ళినా ఎన్ఏడీ ఫ్లైఓవర్ వచ్చేసరికి నాన్న నాలుగు బంతులు వేయించేసేవారు: ఎడమచేతి వాడికి ఏం వేస్తావ్, కొత్త బంతితో ఎక్కడ వేస్తావ్. ఇప్పుడు దారంతా ఏమీ లేదు. దిగాక "జాగ్రత్త" అంటారు.

తండ్రిని విడిగా కలిశాను. ఆయన బాధ ఇంకోలా ఉంది. "ఏటి మాట్లాడాలి సార్? క్రికెట్ అంటే వాడు బాధపడతాడేమో అని ఊరుకుంటున్నా. చదువు అడుగుదామంటే నాకు అర్థం కాదు." తర్వాత ఆటోనగర్ సంగతి చెప్పారు. పాతికేళ్ళు అందరూ ఆయన్ని షాపు పేరుతోనే పిలిచారు. పేపర్లో ముక్క పడ్డాక టీ కొట్టు దగ్గర "బౌలర్ గారి నాన్న" అనడం మొదలుపెట్టారు. 2005లో పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు ఆయన స్టాండ్స్‌లో ఉన్నారట, అప్పటికి ఇరవై ఏళ్ళ వాడు. "మన ఊరి జ్యోతి యర్రాజీ వాళ్ళ నాన్న సెక్యూరిటీ గార్డు. ఆ అమ్మాయి బ్యాంకాక్‌లో హర్డిల్స్ పరుగులో ఏషియా గోల్డ్ కొట్టింది. లేత్ వాడి కొడుకు ఎందుకు కొట్టకూడదు అనుకున్నా. తప్పా సార్?"

తప్పు కాదు. అదే చెప్పాను. ముందు వాట్సాప్ మాటకి క్షమాపణ చెప్పాను, అది బాకీ ఉండిపోయింది.

నిజానికి పేరెంట్ కౌన్సెలింగ్ అని పుస్తకాల్లో ఉన్నది, అంచనాలు తగ్గించుకోండి, గెలుపోటములు పట్టించుకోకండి అని. ఈయనకి ఆ మాట చెప్పడం అంటే లేత్ ఆపేసి దాని పక్కన కూర్చోమనడమే. అందుకని ఉత్సాహం తగ్గించే ప్రయత్నం మానేసి పుస్తకం తిరిగి ఇచ్చాను. కొత్త కాలమ్‌లు గీయమన్నాను. నిద్ర గంటలు, సైడ్ ప్లాంక్ సెకన్లు, నడక, నొప్పి. నొప్పి కాలమ్ మాత్రం అబ్బాయి తన చేత్తోనే నింపాలి, తండ్రి దాని మీద ఏమీ అనకూడదు, మొహం కూడా మార్చకూడదు. మొహం సంగతి చెప్తే వాడు నవ్వాడు.

బండి మీద మాటలు మళ్ళీ మొదలయ్యాయి. నిన్న 50 సెకన్లు, ఇవాళ ఎంత?

అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. ప్లాంక్ 34 సెకన్ల నుంచి నిమిషం 40కి వచ్చేసరికి ఆయన ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందూ పిల్లాడి చేత ప్లాంక్ పెట్టించడం మొదలుపెట్టారు. సంక్రాంతికి ఒక్క రోజులో ఏడుసార్లు. భుజం నొప్పితో వచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఏ అంకె ఇస్తే ఈయన గర్వం దాన్నే పట్టుకుంటుందని అప్పుడు అర్థమైంది, కాబట్టి అంకె ఎంచుకోవడం నా బాధ్యత. ప్లాంక్‌కి పై హద్దు పెట్టాను: నిమిషం, రోజుకి మూడుసార్లు, అంతకు మించితే ఆ రోజు మార్కు సున్నా.

*తిరిగి బంతి*

పన్నెండు వారాలయ్యాక, వెనక్కి వంగినా నొప్పి లేదని చూసుకుని, మళ్ళీ ఎంఆర్ఐ. వాపు పోయింది, పగులు మానుతోంది. డాక్టరు గారు సరేనన్నాక మార్చి మొదటి వారంలో పరుగు, తర్వాత నిలబడి 12 బంతులు, రోజు విడిచి రోజు. రన్-అప్ సగం, తర్వాత పూర్తి. కోచ్ భుజాలూ నడుమూ ఒకే వైపు ఉండేలా యాక్షన్ సరిచేయడం మొదలుపెట్టారు. అది పూర్తిగా కుదరలేదు, ఇప్పటికీ అలిసిపోతే పాత మెలిక వస్తుంది. నెలనెలా ఎత్తు కొలవడం తండ్రి పని. అండర్-14 సెలెక్షన్స్ ఈలోపే అయిపోయాయి, వయసు దాటిపోయింది. ఆ రోజు ఆయన ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా, "మరి ఉంటా సార్" అని పెట్టేశారు.

ఏప్రిల్‌లో ఒక రోజు పుస్తకం చూస్తున్నాను. ఆ రోజు ప్లాను 24 బంతులు. నొప్పి కాలమ్‌లో వాడి రాతతో 3. బంతుల కాలమ్‌లో తండ్రి రాతతో: "14. వాడే ఆపేశాడు." ఎర్ర ఇంకు.

ఆ 3 కండరాల నొప్పి అని తేలింది, నాలుగు రోజుల్లో పోయింది.

జూలైలో వచ్చినప్పుడు ఎత్తు 171. వారానికి 140 బంతులు, నాలుగు రోజులు, నొప్పి లేకుండా. అండర్-16 ట్రయల్స్‌కి వెళ్తానన్నాడు. స్కూలు, క్యాంపు, ఆదివారం మ్యాచ్, మూడింటి అంకెలూ ఒకే పేజీలో పడాలని, ఆ పేజీ ఫొటో ముగ్గురికీ వారం వారం పంపాలని మాట్లాడుకున్నాం. తండ్రి పెన్ను జేబులో పెట్టుకోబోతూ ఆగారు.

"సార్, సందులో టెన్నిస్ బాల్ వేస్తాడు. అదీ లెక్కేనా?"

"లెక్కే."

పుస్తకం మళ్ళీ తెరిచి, స్కేలు పెట్టి ఇంకో కాలమ్ గీశారు.